వైవాలో ఆ ఒక్క ప్రశ్న మార్చండి: కంప్యూటర్ సైన్స్ బోర్డ్ ఆఫ్ స్టడీస్ సభ్యులకు బహిరంగ లేఖ

గౌరవనీయులైన బోర్డ్ ఆఫ్ స్టడీస్ సభ్యులకు, రెండు తెలుగు రాష్ట్రాల ఇంజినీరింగ్ కాలేజీల్లో ఫస్టియర్ ప్రోగ్రామింగ్ ల్యాబ్ చూసుకుంటున్న మేడమ్‌లకు, సార్లకు నమస్కారం.

కాలేజీ నుంచి కొత్తగా వచ్చిన పిల్లల్ని ఇంటర్వ్యూ చేయడం, చేరాక వాళ్ళు రాసిన కోడ్ చదివి సరిదిద్దడం నా ఉద్యోగంలో భాగం. కంపైల్ టైమ్ ఎర్రర్‌కీ (రాసిన కోడ్‌ని కంపైలర్ కంప్యూటర్ భాషలోకి మార్చేటప్పుడే పట్టుకునే తప్పు), రన్ టైమ్ ఎర్రర్‌కీ (ప్రోగ్రాం నడుస్తుండగా బయటపడే తప్పు) తేడా ఏంటని అడిగితే దాదాపు అందరూ ఒకటే జవాబు చెబుతారు. సెమికోలన్ మర్చిపోతే కంపైల్ టైమ్ ఎర్రర్, సున్నాతో భాగిస్తే రన్ టైమ్ ఎర్రర్. ఏ జిల్లా నుంచి వచ్చినా, ఏ కాలేజీలో చదివినా అవే రెండు ఉదాహరణలు, అదే వరుసలో. వైవా కోసం బట్టీ పట్టిందని వినగానే తెలిసిపోతుంది. జవాబు తప్పని అనలేం. కానీ అక్కడితో సరిపెట్టుకుని, బయటి నుంచి వచ్చిన ఎగ్జామినర్ "నెక్స్ట్" అనేయడంతో పిల్లల మనసులో ఒక అభిప్రాయం నాటుకుపోతోంది. తప్పులు పుట్టుకతోనే రెండు రకాలనీ, ఏది ఎప్పుడు బయటపడాలో ముందే రాసిపెట్టి ఉంటుందనీ అనుకుంటున్నారు.

అలా రాసిపెట్టి ఏమీ లేదు. ఒకే తప్పు ఒక భాషలో కంపైల్ టైమ్‌లో దొరుకుతుంది, ఇంకో భాషలో ప్రోగ్రాం కస్టమర్ దగ్గర నడుస్తుండగా బయటపడుతుంది. ఒకే భాషలో కూడా కంపైలర్‌కి ఇచ్చిన ఆప్షన్‌ని బట్టి, ప్రోగ్రామర్ తన ఉద్దేశాన్ని ఎంత వివరంగా రాశాడన్నదాన్ని బట్టి మారుతుంది. బియ్యంలో రాయి చేటలో ఉండగా ఏరుకోవాలా, పంటి కింద పడ్డాక తెలుసుకోవాలా అన్నది చాలావరకు మన చేతిలోనే ఉంది. సిలబస్‌లో ఈ మాట ఎక్కడా లేదు. అది చేర్చమని అడగడానికే ఈ ఉత్తరం.

మీరు ఏళ్ళ తరబడి చెబుతున్న సీ భాషనే తీసుకుందాం. ఇంకో ఫైల్‌లో ఉన్న ఒక ఫంక్షన్ డబుల్ విలువ, అంటే దశాంశ సంఖ్య, తిరిగిస్తుంది. దాన్ని డిక్లేర్ చేయకుండానే, అంటే అది ఏమిస్తుందో కంపైలర్‌కి ముందు చెప్పకుండానే, పిలిచారనుకోండి. పాత సీలో కంపైలర్ "ఇది ఇంట్ (పూర్ణాంకం) ఇస్తుంది కాబోలు" అని తనకు తానే అనుకుని ముందుకెళ్ళిపోయేది. ప్రోగ్రాం నడిచేది, వచ్చే అంకె మాత్రం చెత్త. 1999 నాటి సీ ప్రమాణం ఈ వెసులుబాటును తీసేసింది. అయినా జీసీసీ కంపైలర్, పాత కోడ్ ఆగిపోతుందన్న భయంతో, ఏళ్ళ తరబడి వార్నింగ్‌తో సరిపెట్టింది. పాత వెర్షన్లలో ఆ వార్నింగ్ కూడా అడిగితేనే వచ్చేది. 2024లో వచ్చిన జీసీసీ 14 నుంచి మాత్రం అది నేరుగా ఎర్రర్. తప్పు అదే, భాష అదే. దాన్ని పట్టుకునే చోటే పాతికేళ్ళలో మెల్లగా ముందుకు జరిగింది. మరి ఇది కంపైల్ టైమ్ తప్పా, రన్ టైమ్ తప్పా అని వైవాలో అడిగితే పిల్లలు ఏం చెప్పాలి?

నల్, అంటే "ఇక్కడ ఏమీ లేదు" అని చెప్పే విలువ, దాని సంగతీ ఇంతే. సర్ టోనీ హోర్ 1965లో ఆల్గాల్ డబ్ల్యూ భాషలో నల్ రిఫరెన్స్ పెట్టారు. 2009లో ఆయనే దాన్ని తన బిలియన్ డాలర్ల పొరపాటు అన్నారు. జావా నేర్చుకున్న ప్రతి విద్యార్థికీ నల్ పాయింటర్ ఎక్సెప్షన్ తెలుసు, అది నడుస్తుండగా వచ్చేదే. కాట్లిన్‌లో అదే పొరపాటు చేస్తే చాలా సందర్భాల్లో ప్రోగ్రాం కంపైలే కాదు. అక్కడ "ఈ వేరియబుల్‌లో ఏమీ లేకపోవచ్చు" అన్న సంగతి దాని టైప్‌లోనే (అది ఏ రకం విలువో చెప్పే చోట) చెప్పాలి. చెప్పాక, ఉందో లేదో చూడకుండా వాడబోతే కంపైలర్ ఆపేస్తుంది.

ఇవన్నీ భాషల గొడవలు, ఫస్టియర్ పిల్లలకెందుకు అంటారేమో. అందుకే మన ఊరిని కూడా తాకిన ఒక సంగతి కాస్త వివరంగా చెబుతాను.

2024 జులై 19, శుక్రవారం. మన టైమ్ ప్రకారం ఉదయం 9:39కి క్రౌడ్‌స్ట్రైక్ అనే సెక్యూరిటీ కంపెనీ కస్టమర్ల కంప్యూటర్లలో కాపలా కాసే తన ఫాల్కన్ సెన్సర్ అనే ప్రోగ్రాంకి ఒక చిన్న డేటా ఫైల్ పంపింది. గంటన్నర తిరక్కముందే దాన్ని వెనక్కి తీసుకుంది. ఆ కాస్త సమయంలోనే ప్రపంచవ్యాప్తంగా సుమారు 85 లక్షల విండోస్ కంప్యూటర్లు నీలం తెర వేసుకుని కూర్చున్నాయని మైక్రోసాఫ్ట్ లెక్కగట్టింది. బ్యాంకులు, ఆసుపత్రులు, విమానాశ్రయాలు అన్నీ ఇబ్బంది పడ్డాయి. ఆ రోజు హైదరాబాద్ నుంచి కోల్‌కతా వెళ్ళే ఒక ప్రయాణికుడికి ఇచ్చిన బోర్డింగ్ పాస్ ఫొటో చాలామంది చూసే ఉంటారు. పేరు, సీటు నంబర్ అన్నీ పెన్నుతో చేత్తో రాసిచ్చారు.

ఆ ఫైల్‌లో ఏముంది? సెన్సర్‌లో కొన్ని రకాల టెంప్లేట్లు ఉంటాయి. కంప్యూటర్‌లో జరిగే ఫలానా పనిని ఏయే వివరాలతో పోల్చి చూడాలో అవి చెబుతాయి. అందులో ఒక టెంప్లేట్ తనకు 21 వివరాలు వస్తాయని ప్రకటించుకుంది. వాటిని అందించే కోడ్ మాత్రం 20 ఇచ్చింది. అంతే. ఫిబ్రవరి నుంచి ఈ తేడా అలాగే ఉంది, ఎవరికీ తెలియలేదు. ఎందుకంటే టెస్టుల్లోనూ, అంతకుముందు పంపిన ఫైళ్ళలోనూ ఇరవై ఒకటో గడిలో "ఏదైనా ఫరవాలేదు" అని పెట్టారు కాబట్టి దాన్ని చదవాల్సిన అవసరమే రాలేదు. జులై 19న పంపిన ఫైల్ మొదటిసారి ఆ ఇరవై ఒకటో విలువను నిజంగా అడిగింది. ఇరవై గళ్ళున్న ఎర్రేలో (విలువల్ని వరుసగా పెట్టుకునే గళ్ళ పెట్టె లాంటిది) ఇరవై ఒకటో గడి కోసం వెళ్ళింది ప్రోగ్రాం. అది విండోస్‌కి గుండెకాయ లాంటి కెర్నల్ లోపల నడిచే ప్రోగ్రాం కావడంతో తాను పడిపోవడమే కాదు, మొత్తం కంప్యూటర్నే పడేసింది. ఫైల్ వెనక్కి తీసుకున్నా పడిపోయిన కంప్యూటర్లలో చాలావాటిని ఒక్కొక్కటిగా సేఫ్ మోడ్‌లో తెరిచి, ఆ ఫైల్ తీసేసి లేపాల్సి వచ్చింది.

ల్యాబ్ చెప్పే ఏ మేడమ్‌కైనా ఈ తప్పు ఎక్కడో చూసినట్టే ఉంటుంది. పది గళ్ళ ఎర్రే పెట్టుకుని, ఫర్ లూప్‌లో "పది కన్నా తక్కువ" అని రాయాల్సిన చోట "పది లేదా తక్కువ" అని రాయడం. ప్రతి బ్యాచ్‌లో సగం మంది చేసే తప్పు.

ఆగస్టులో ఆ కంపెనీ మూలకారణాల నివేదిక బయటపెట్టింది. అందులోని రెండు అంశాల్ని మీరు దయచేసి పక్కపక్కన పెట్టి చూడండి. ఒకటి, టెంప్లేట్‌లోని వివరాల సంఖ్య సరిపోయిందో లేదో సెన్సర్ కంపైల్ టైమ్‌లో తనిఖీ చేయలేదు. రెండు, ఎర్రే హద్దు దాటుతున్నామా అన్న తనిఖీ రన్ టైమ్‌లో లేదు. మీ సిలబస్ మొదటి యూనిట్‌లో ఉన్న రెండు మాటలే ఇవి. ఈ రెంటిలో ఏ ఒక్కటి ఉన్నా ఆ శుక్రవారం మామూలు శుక్రవారంలా గడిచిపోయేది.

21 అన్న అంకె, 20 అన్న అంకె రెండూ కోడ్ రాసే నాటికే తెలిసినవి. అలాంటి రెండు అంకెలు సమానంగా లేకపోతే కంపైలే కావద్దని చెప్పే సౌకర్యం సీలోనూ, సీ ప్లస్ ప్లస్‌లోనూ 2011 ప్రమాణాల నుంచీ ఉంది. పేరు స్టాటిక్ అసర్ట్. ఒక్క లైను. నాకు తెలిసినంతలో మన ల్యాబ్ మాన్యువల్స్‌లో అది కనిపించదు. ఇంటర్వ్యూల్లో అడిగితే, సీలో మంచి మార్కులొచ్చిన పిల్లలు కూడా తెల్లమొహం వేస్తారు. వాళ్ళని ఏమంటాం, ఎవరూ చెప్పలేదు కదా.

ఇక టర్బో సీ. దీని గురించి మాట్లాడితే కొందరు సార్లకు కోపం వస్తుందని తెలుసు. నేనూ టర్బో సీ నీలం తెర మీదే నేర్చుకున్నాను, దాని మీద నాకూ మమకారం ఉంది. కానీ డాస్ అనే పాత ఆపరేటింగ్ సిస్టమ్ కాలం నాటి ఆ కంపైలర్‌ని, డాస్‌ని నకలు చేసే డాస్‌బాక్స్‌లో పెట్టి ఇంకా వాడటం వల్ల పిల్లలకు జరిగే నష్టం టర్బో సీలో మాత్రమే పనికొచ్చే క్లియర్ స్క్రీన్, గెట్ సీహెచ్ లాంటి ఆదేశాల అలవాట్లతో ఆగడం లేదు. డాస్‌లో మెమరీకి కాపలా లేదు. హద్దు దాటి పక్క గడిలో రాసినా చాలాసార్లు ప్రోగ్రాం ఏమీ జరగనట్టు నడుస్తుంది, అవుట్‌పుట్ వస్తుంది, రికార్డు మీద సంతకం పడుతుంది. అదే ప్రోగ్రాంని లైనక్స్ మీద జీసీసీలో అడ్రస్ శానిటైజర్ ఆప్షన్ పెట్టి నడిపితే, ఎన్నో లైనులో, ఏ ఎర్రే హద్దు దాటారో చెప్పి అక్కడికక్కడే ఆపేస్తుంది. అది కూడా రన్ టైమ్‌లో పట్టుకోవడమే. కానీ ల్యాబ్‌లో పట్టుకోవడం.

టర్బో సీలో ఇంట్ అంటే 16 బిట్లు. 32,767 దాటితే తిరగబడుతుంది. 200ని 200తో గుణించి ప్రింట్ చేయమంటే 40,000 బదులు మైనస్ 25,536 వస్తుంది. ఎర్రర్ లేదు, ప్రోగ్రాం ఆగడమూ లేదు. వైవాలో చెప్పే రెండు రకాల్లోనూ ఇది ఇమడదు. చాలామంది పిల్లలు దీన్ని "కంప్యూటర్ తప్పు" అనుకుని, చిన్న అంకెలతో మళ్ళీ నడిపి, ఆ అవుట్‌పుట్ రికార్డులో రాసేస్తారు.

ఆ 16 బిట్ల హద్దే 1996 జూన్ 4న ఫ్రెంచ్ గయానాలోని కూరూ నుంచి లేచిన ఏరియాన్ 5 రాకెట్‌ని మొదటి ప్రయాణంలోనే కూల్చింది. ఈ ఉదాహరణ టెక్స్ట్ పుస్తకాల్లో రెండు లైన్లలో ఉంటుంది కానీ అసలు కథ అక్కడ రాదు. రాకెట్ అడ్డంగా ఎంత వేగంతో కదులుతోందో దానికి సంబంధించిన ఒక 64 బిట్ల దశాంశ విలువను 16 బిట్ల పూర్ణాంకంగా మార్చే చోట అంకె పట్టలేదు. అక్కడ వాడింది ఏడా భాష. ఏడా సీలాగా నోరు మూసుకుని తిరగబడే అంకె ఇవ్వదు, రన్ టైమ్‌లో తప్పును పట్టుకుని చెబుతుంది. చెప్పింది కూడా. కానీ ఆ ఎక్సెప్షన్‌ని అందుకునే కోడ్ అక్కడ లేదు. ప్రాసెసర్ మీద భారం 80 శాతం దాటకూడదని, ప్రమాదం ఉందనుకున్న ఏడు వేరియబుల్స్‌లో నాలుగింటికే రక్షణ పెట్టి, మూడింటిని వదిలేశారు. ఆ మూడూ హద్దు దాటే అవకాశమే లేదన్న లెక్క ఏరియాన్ 4 వేగాలకు సరిపోయింది. ఏరియాన్ 5 అంతకన్నా జోరుగా పక్కకు కదిలే రాకెట్. తప్పు దొరగ్గానే ఏం చేయాలంటే, రాకెట్ ఎటు తిరిగి ఉందో లెక్కగట్టి చెప్పే ఆ కంప్యూటర్ తనను తాను ఆపేసుకోవాలి. అది డిజైన్. స్టాండ్‌బై కంప్యూటర్‌లోనూ అదే సాఫ్ట్‌వేర్ కాబట్టి అదీ అలాగే ఆగింది, నిజానికి అదే ముందు ఆగింది. ఇంకో విడ్డూరం ఏంటంటే, ఆ లెక్క రాకెట్ నేల విడిచాక ఏరియాన్ 5కి అసలు అవసరమే లేదు.

ఈ కథ ఎందుకు చెబుతున్నానంటే, కంపైలర్ అన్నీ పట్టుకుంటుందని నేను అనడం లేదు. రాకెట్ రేపు ఎంత వేగంతో వెళ్తుందో కంపైలర్‌కి తెలియదు. యూజర్ ఏం టైప్ చేస్తాడో, ఫైల్‌లో ఏం వస్తుందో తెలియదు. ఏ ప్రోగ్రాంని ఇచ్చినా అది ఆగుతుందో ఆగదో చెప్పగలిగే ఒకే పద్ధతి ఉండదని అలన్ ట్యూరింగ్ 1936లోనే నిరూపించాడు. అది మీరే థర్డియర్‌లో చెబుతారు. కాబట్టి కొన్ని తప్పులు రన్ టైమ్‌కి మిగులుతాయి. మిగిలినవాటి కోసం తనిఖీ పెట్టాలి, తనిఖీలో దొరికాక ఏం చేయాలో కూడా ముందే ఆలోచించి పెట్టుకోవాలి. మన ల్యాబ్‌లో ట్రై, క్యాచ్ (నడుస్తుండగా వచ్చే తప్పును పట్టుకునే కోడ్) చెప్పాక క్యాచ్ లోపల "ఎర్రర్" అని ప్రింట్ చేయించి వదిలేస్తాం. ఉద్యోగంలో చేరాక కూడా పిల్లలు అదే చేస్తున్నారు. తప్పును పట్టుకుని, లోపలే పూడ్చిపెట్టి, మిగతా ప్రోగ్రాంని తప్పుడు విలువతో ముందుకు పోనిస్తున్నారు. పట్టుకోకపోయినా ఇంతకన్నా నయం అనిపిస్తుంది ఒక్కోసారి.

ఇప్పుడు చాలా చోట్ల మొదటి భాషగా పైథాన్ వచ్చింది. సంతోషమే. కానీ పైథాన్‌లో వేరియబుల్ పేరు స్పెల్లింగ్ తప్పు రాస్తే ఆ లైను నడిచే వరకూ తెలియదు. ఆ లైను ఎప్పుడో గానీ వెళ్ళని ఎల్స్ బ్రాంచ్‌లో ఉంటే, నెలల తర్వాత తెలుస్తుంది. 2015లో వచ్చిన పైథాన్ 3.5 నుంచి టైప్ హింట్స్‌కి, అంటే ఏ వేరియబుల్‌లో ఏ రకం విలువ ఉంటుందో రాసిపెట్టడానికి, ఒక పద్ధతి ఉంది. పైథాన్ వాటిని నడిచేటప్పుడు పట్టించుకోదు, మైపై లాంటి ఉపకరణంతో ముందే తనిఖీ చేయించాలి. ఒక్క ల్యాబ్ క్లాసు చాలు దీనికి.

టైప్ అంటే ఏంటో పిల్లలకు చెప్పే తీరు గురించి కూడా ఒక మాట. ఇంట్‌కి ఇన్ని బైట్లు, ఫ్లోట్‌కి ఇన్ని బైట్లు అని పట్టిక వేయించి వదిలేస్తున్నాం. ప్రతి ల్యాబ్‌లోనూ స్టూడెంట్ స్ట్రక్చర్ ప్రోగ్రాం ఉంటుంది కదా, రోల్ నంబరు, పేరు, మార్కులు. రోల్ నంబరూ ఇంటే, మార్కులూ ఇంటే. మార్కులు మార్చే ఫంక్షన్‌కి మొదట రోల్ నంబరు, తర్వాత మార్కులు ఇవ్వాలి. ఎవరో తారుమారు చేసి పిలిచారు. 78వ రోల్ నంబరుకి 45 మార్కులు పడాల్సింది, 45వ రోల్ నంబరుకి 78 పడ్డాయి. కంపైలర్‌కి రెండూ అంకెలే, అడ్డు చెప్పదు. ఆ రెంటినీ వేర్వేరు చిన్న స్ట్రక్చర్లుగా పెట్టి అదే తప్పు మళ్ళీ చేయించండి. కంపైల్ కాదు. ఏ యూనివర్సిటీ రిజల్ట్స్ రోజైనా గుర్తు తెచ్చుకుంటే పిల్లలకు ఈ ఉదాహరణ ఇట్టే ఎక్కుతుంది. టైప్ అంటే మెమరీ కొలత మాత్రమే అనుకున్న కుర్రాడికి, అది కంపైలర్‌కి మనం చెప్పుకునే సంగతి కూడా అని అప్పుడు తెలుస్తుంది.

మీ ఇబ్బందులు నాకు తెలియనివి కావు. ఒక్కో ల్యాబ్‌లో అరవై, డెబ్భై మంది, సగం సిస్టమ్స్ పాతవి, పక్కన అసిస్టెంట్ ఉన్న రోజు ఉంటారు, లేని రోజు లేరు. వార్నింగులన్నీ ఆన్ చేస్తే ప్రతి బెంచీ నుంచీ "మేడమ్, ఇదేంటి" అని చేతులు లేస్తాయి, పన్నెండు ప్రోగ్రాంలు పూర్తి కావు, అకడమిక్ ఆడిట్‌లో అడుగుతారు. నిజమే. పన్నెండుకి బదులు తొమ్మిది పెట్టండి అంటాను నేను. మిగిలిన మూడు వారాలూ ఆ లేచిన చేతులకివ్వండి. జీసీసీ ఉచితం, మీ పాత సిస్టమ్స్ మీదా నడుస్తుంది. వార్నింగ్ వస్తే కంపైల్ ఆగిపోయేలా పెట్టే ఆప్షన్ కూడా ఉంది. మొదటి రోజే దాన్ని మేక్ ఫైల్‌లో (ప్రోగ్రాంని ఎలా కంపైల్ చేయాలో రాసి ఉండే ఫైల్) పెట్టేసి ఇస్తే పిల్లలకు అదే మామూలు అనిపిస్తుంది. "వార్నింగే కదా సార్, ఎర్రర్ కాదు కదా" అన్న మాట నాకు ఉద్యోగంలో చేరినవాళ్ళ నోట రోజూ వినపడుతుంది. స్కాన్‌ఎఫ్‌లో ఆంపర్‌శాండ్ మర్చిపోయినా, ఇఫ్‌లో రెండు ఈక్వల్స్‌కి బదులు ఒకటే పెట్టినా జీసీసీ చెబుతుంది, ఆ వార్నింగులు ఆన్ చేసి ఉంటే. వినే అలవాటు మొదటి ఏడాదిలో పడకపోతే తర్వాత పడటం చాలా కష్టం.

రికార్డు ఫార్మాట్‌లో ఎయిమ్, ఆల్గారిథం, ప్రోగ్రాం, అవుట్‌పుట్ అని నాలుగు శీర్షికలున్నాయి. అవుట్‌పుట్ చాలాసార్లు ప్రోగ్రాం నడపకుండానే పక్కవాడి రికార్డు చూసి రాసేది, అది మనందరికీ తెలుసు. ప్రోగ్రాంకీ అవుట్‌పుట్‌కీ మధ్య ఇంకో శీర్షిక చేర్చండి: కంపైలర్ ఏమంది, నేనేం మార్చాను. ఎవరి తప్పులు వాళ్ళవే కాబట్టి దీన్ని కాపీ కొట్టడం కాస్త కష్టం. కాపీ కొట్టినా కనీసం కంపైలర్ మెసేజ్ ఒకటి చేత్తో రాసినట్టవుతుంది.

ఇక వైవా ప్రశ్న. తేడా ఏంటి అని అడగడం మానేసి, కంపైల్ అయ్యే ఒక ముప్ఫై లైన్ల ప్రోగ్రాం చేతికివ్వండి. అందులో మూడు తప్పులుంచండి. ఒకటి ఆప్షన్ మారిస్తే కంపైలర్ చెప్పేది, ఒకటి టైప్ మార్చి రాస్తే చెప్పేది, మూడోది ఏం చేసినా రన్ టైమ్‌లోనే తెలిసేది. ఏది ఏదో చెప్పమనండి, మూడోదానికి తనిఖీ రాసి, దొరికాక ప్రోగ్రాం ఏం చేయాలో చెప్పమనండి. ల్యాబ్ పరీక్షలో పది మార్కులు దీనికి కేటాయిస్తే చాలు, మిగతా పద్ధతి మార్చనక్కర్లేదు. మీకు పనికొస్తాయనుకుంటే అలాంటి ప్రోగ్రాంలు ఒక యాభై తయారుచేసి జవాబులతో సహా ఉచితంగా ఇవ్వడానికి నేను, నాతో పనిచేసే కొందరు సిద్ధంగా ఉన్నాం. వచ్చే రెగ్యులేషన్ (కొత్త సిలబస్ నిబంధనలు) మీద చర్చ మొదలయ్యే లోపే అందజేస్తాం.

ఇట్లు,
హైదరాబాద్‌లో పనిచేస్తున్న ఒక సాఫ్ట్‌వేర్ ఇంజినీరు